కేతువు బరువు

ఫిజిక్సులో థియరీ తీసుకుంటావా అని మా లెక్చరర్ అడిగిన రోజు నాకు జ్వరం వచ్చింది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే ఒళ్లు కాలిపోయింది. హాస్టల్లో పక్క మంచం అబ్బాయి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ "ఏం తిన్నావురా నాయనా" అని అడిగాడు. తిన్నందుకు కాదు, విన్నందుకు వచ్చిన జ్వరమని వాడికెలా చెప్పను?

అప్పుడు నేను హైదరాబాదులో బీయెస్సీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మాది సిరిసిల్ల, సాలోళ్ల వాడ. మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. ఇంట్లో వాళ్లిద్దరు, నేను, ఒక మగ్గం. తెగిన పోగును చూడకుండానే ముడివేసే ఇంట్లో పుట్టాను కాబట్టి ల్యాబులో సన్నతీగలూ అద్దాలూ నా చేతికి చెప్పినట్టు వినేవి. అందరూ చెమటలు పట్టి ఇంకా మొదలుపెడుతుంటే నేను ముగించి చేతులు కడుక్కునేవాణ్ణి. మా మేనమామ మంచిర్యాలలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడి ల్యాబులో నాకొక కొలువు మాట్లాడి పెట్టాడు. పరీక్షలు రాసి, పెట్టె పట్టుకుని పోయి చేరడమే. హాయిగా ఉండేది.

అంతలో ఈ లెక్చరర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయనది కృష్ణా వైపు. రెండు ప్రాంతాలూ కలిసి కొత్త రాష్ట్రం అయినాక ఇటు బదిలీ అయి వచ్చారు.

"నీ చేతులు బాగున్నాయయ్యా, కాదనను. కానీ నీ కాగితాలు ఇంకా బాగున్నాయి. వేసవంతా నా దగ్గర కూర్చో. ఎమ్మెస్సీలో థియరీ తీసుకో. తొందరేం లేదు, వచ్చే వారం చెప్పు" అన్నారు. అక్కడితో ఆపినా బాగుండేది. ఆపలేదు. "ఒక్క సంగతి. ప్రయోగం చేసేవాడి తరఫున యంత్రం సాక్ష్యం చెబుతుంది. థియరీవాడికి సాక్షి ఎవరూ ఉండరు. ఊరంతా కాదన్నా తన కాగితం పక్కన తానొక్కడే నిలబడాలి. నిలబడగలవా?"

నిలబడడమా! నేనా! మా వాడలో కుక్క మొరిగితే అవ్వ కొంగు వెనక నిలబడ్డవాణ్ణి. మా భాషలో భయానికి బుగులు అని ఒక మాట ఉంది. భయం వచ్చిపోతుంది. బుగులు అలా కాదు, కడుపులో చాప పరుచుకుని కూర్చుంటుంది. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి నా కడుపులో అది కూర్చుంది. థియరీ అంటే నాకు ఇష్టం లేక కాదు. ఒక పేజీ నిండా లెక్క చేసి చివరికి అది కుదిరినప్పుడు నాకు కలిగే సంతోషం ఎవరికీ చెప్పుకోలేనంత గట్టిది. కానీ ఆ పేజీని నమ్ముకుని బతకడమా? నాకే తెలియని తప్పు అందులో ఎక్కడో ఉంటే? ఏళ్లకేళ్లు తప్పును పట్టుకుని కూర్చుంటే?

సరిగ్గా ఆ వారమే ఎనిమిది గ్రహాలు వచ్చి నెత్తిన పడ్డాయి.

పందొమ్మిది వందల అరవై రెండులో ఆ సంగతి ఎరగని ఇల్లు లేదు. పుష్యమాసం చివర, అమావాస్యకు అటూ ఇటూగా, సూర్యుడు, చంద్రుడు మొదలుకొని కేతువు దాకా ఎనిమిది గ్రహాలు మకర రాశిలో కలుస్తాయని, దాంతో లోకం మునిగిపోతుందని దేశమంతా గోల. భూమి పగులుతుందని కొందరు, సముద్రం వచ్చి మీద పడుతుందని కొందరు. సిరిసిల్లకు సముద్రం ఎక్కడిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పట్నంలో చీరలు అమ్ముకోవడానికి వచ్చిన మా వాడ మనిషి ఒకాయన హాస్టలు వెతుక్కుంటూ వచ్చి అవ్వ కబురు చెప్పాడు.

"పిలగాన్ని జల్ది తోలియ్యుమన్నది మీ అవ్వ. సస్తే అందరం ఒక్కకాడనే సద్దామన్నది."

నవ్వొచ్చింది. నవ్వుతూనే పెట్టె సర్దుకున్నాను. చొక్కా గుండీలు మాత్రం ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నానని బస్సెక్కాక చూసుకున్నాను.

కరీంనగర్‌లో బస్సు మారాను. బస్టాండు కిటకిటలాడుతోంది. పిల్లలు, మూటలు, కోళ్లు, ఒక ముసలమ్మ ఒళ్లో దేవుడి పటం. ఎవరి ఊరికి వాళ్లు చావడానికి పోతున్నారు. కండక్టరు టిక్కెట్లు చింపుతూ "అందరు పోయెటోల్లే, మల్ల వచ్చెటోడు ఒక్కడు లేడు గదరా బయ్" అని పెద్దగా నవ్వాడు. బస్సులో ఇంకెవరూ నవ్వలేదు.

మా వాడలోకి అడుగుపెట్టి ఆగిపోయాను. మగ్గాల చప్పుడు లేదు. పుట్టినప్పటి నుంచి పగటిపూట ఆ చప్పుడు లేని వాడను నేను ఎరగను. ఏ ఇంట్లో చూసినా పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. పండగలకని మేపుకున్న యాటలు, కోళ్లు అన్నీ కోసుకుని తింటున్నారు, ఎలాగూ పోయేదే కదా అని. గుడి దగ్గర హోమం, మైకులో మంత్రాలు. అవ్వ నన్ను చూడగానే పట్టుకుని ఏడ్చింది. "అచ్చినవా కొడుకా, ఇగ నాకు ఫికర్ లేదు" అంది. లోకం మునిగిపోయే ముందు ఫికర్ లేదన్న మనిషి మా అవ్వ ఒక్కతే అయి ఉంటుంది.

బాపు మాత్రం మగ్గం పక్కన కొత్త నూలు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని పడుగుగా పోసి అప్పటికే సిద్ధంగా ఉంచాడు. పడుగంటే బట్టలో నిలువునా వచ్చే పోగులు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వాడ పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, అది ఆరేదాకా కుంచెలతో దువ్వాలి. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఎవరి పడుగు వాడలోకి వచ్చినా అటుపక్క వాళ్లూ ఇటుపక్క వాళ్లూ పిలవకుండానే వచ్చి చెయ్యి వేస్తారు. కూలీ ఉండదు, లెక్క ఉండదు. రేపు వాళ్ల పడుగుకు మనం పోవాలి, అంతే. అమావాస్య నాడు మావాళ్లు మగ్గం ముట్టరు కాబట్టి ఈ పనంతా ముందే కావాలి.

బాపు నన్ను తేరిపార చూశాడు. "బిడ్డా, నువ్వు సదివేది గీ సదువే గదా. సూర్యుడు, చంద్రుడు, ఒకదాన్నొకటి గుంజుకునుడు. అని నువ్వే చెప్పినవ్ ఓసారి."

"అవు బాపు."

"మరి చెప్పు. అయితదా, కాదా?"

ఇంతవరకూ నన్నెవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. పరీక్షలో అడిగే ప్రశ్నకు జవాబు ముందే ఎవరికో తెలిసి ఉంటుంది. దీనికి జవాబు నాకే తెలియాలి. నూలు చుట్టి వచ్చిన కాగితం చాపుకుని కూర్చున్నాను. గ్రహాల బరువులు, దూరాలు నాకు నోటికి వచ్చు. పోలీసు చర్యకు ముందు నా మొదటి చదువు ఉర్దూలో సాగింది. ఇప్పటికీ బెదిరితే నా నోట అంకెలు ఉర్దూలోనే వస్తాయి. సాత్, ఆఠ్, నౌ అని గొణుక్కుంటూ వేశాను. చంద్రుడు రోజూ సముద్రాన్ని గుంజుతూనే ఉన్నాడు, ఏమైంది? సూర్యుడూ అంతే. మిగిలిన గ్రహాలన్నీ కలిసి ఒకే వైపు నుంచి గుంజినా చంద్రుడి గుంజుడులో ఆవగింజంత కూడా రాలేదు.

"ఏంగాదు బాపు" అన్నాను.

"పక్కానా?"

"పక్కా."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. బాపు వెంటనే లేచి, తువ్వాల భుజాన వేసుకుని, వాడలో పెద్దమనిషి అరుగు దగ్గరికి నడిచాడు. ఆయన్ని నేను పెద్దబాపు అనేవాణ్ణి. చుట్టం కాదు, వయసుకు ఇచ్చే మర్యాద. నేనూ వెనకే పోయాను.

"అన్నా, రేపు పొద్దుగాల నా పడుగు తీస్తున్న" అన్నాడు బాపు.

పెద్దబాపు నోట్లో చుట్ట జారిపోబోయింది. "నీకేమన్న పిచ్చి లేసిందా తమ్మీ? లోకమంత దేవుని మీద భారమేసి కూసున్నది. నీకు పడుగు గావాల్సొచ్చిందా?"

"పిలగాడు లెక్కజేసిండు. ఏంగాదన్నడు."

పెద్దబాపు నా వైపు తిరిగాడు. అరుగు మీద ఉన్నవాళ్లందరూ తిరిగారు. "అన్ని గ్రహాలు లెక్కలేసినవా?"

"ఏసిన పెద్దబాపు."

"కేతువును?"

"కేతువుకు బరువు లేదు పెద్దబాపు. అది నిజంగ గ్రహం కాదు, ఆకాశంల ఒక జాగ, అంతే."

"బరువు లేకుంట గ్రహం ఎట్లయితది? బరువు లేనిదానికి గుడిల బొమ్మ ఎందుకు పెట్టిండ్రు?" అన్నాడాయన. "ఎనిమిదిట్ల ఏడు లెక్కజేసి ఏంగాదంటున్నవా? పాము పడగను ఇడిచిపెట్టి తోక మీద లెక్కజేసినట్టున్నది నీ కథ!"

అరుగంతా గొల్లుమంది. నేనూ నవ్వబోయాను, రాలేదు. కేతువుకు బరువు లేదని నాకు తెలుసు. తెలిసినా ఆ మాట గుచ్చుకుంది. ఏడింటి లెక్క కుదిరింది సరే. పుస్తకం రాసినవాడు కూడా నాలాగే దేన్నో ఒకదాన్ని లేదనుకుని వదిలేసి ఉంటే? ఆ సాయంత్రం కాగితం మళ్లీ తీశాను. మళ్లీ అదే జవాబు. ఎన్నిసార్లు వేసినా తప్పు దొరకలేదు, బుగులు మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. తప్పు దొరికితేనే నయమనిపించింది. బాపు దగ్గరికి పోయి, ఆగు బాపు, తప్పైంది అని చెప్పొచ్చు. చెప్పడానికి నా దగ్గర తప్పు లేదు, నిలబడడానికి ధైర్యం లేదు. లోపల అవ్వ బాపును కడిగేస్తోంది.

"పిలగాడు చెప్పంగనే అయిపాయెనా? వాడు పుట్టినప్పటి సంది పిరికోడే. వానికేం తెలుసు? నలుగురు రాకుంటే గంజి ఆరి పడుగంత గట్టిగైతది, ఆగమైతవ్ సూడు!"

అవ్వ అన్నది అక్షరాలా నిజం. గంజి తడి మీద ఉండగానే దువ్వకపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ పడుగు ఇక మగ్గానికి పనికిరాదు, పొయ్యిలోకే. మా ఇంట్లో ఇంకో పడుగుకు నూలు లేదు.

తెల్లవారింది. బాపు వాడ పొడుగునా కర్రలు పాతి పడుగు సాగదీశాడు. అందరూ గడపల్లో కూర్చుని చూస్తున్నారు. ఒక్కరూ లేవలేదు. ఇంతమంది చేతులు కట్టుకుని మమ్మల్ని చూస్తుంటే నాకు గ్రహాల కంటే ఎక్కువ భయం వేసింది. గంజి పట్టించే ముందు బాపు ఒక్కసారి నా ముఖం చూశాడు. ఇప్పుడైనా వద్దనొచ్చు. నేను వద్దనలేదు. నోరు పెగలలేదు, అంతే. దాన్ని ఎవరైనా ధైర్యం అనుకుంటే వాళ్ల ఇష్టం.

గంజి పట్టింది. ఇక వెనక్కి పోవడం లేదు. అటు బాపు, ఇటు నేను, ఎదురెదురుగా కుంచెలు పట్టుకుని అడుగు కలిపి నడుస్తున్నాం. నలుగురైదుగురు చేసే పని. అవ్వ తిట్టుకుంటూనే తెగిన పోగులు ముడివేస్తోంది. ఎండ ఎక్కుతోంది. నేను ఆకాశం వైపు చూడకూడదనుకుంటూ చూస్తున్నాను, కుంచె పక్కకు పోతోంది. "సక్కగ పట్టు" అంటున్నాడు బాపు.

అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. ఢామ్మని. నేల అదిరింది. సాగదీసిన పోగులన్నీ ఒక్కసారిగా వణికాయి.

నేను కుంచె పారేశాను. ఎప్పుడు పారేశానో, ఎప్పుడు పరుగెత్తానో తెలియదు. తెలివి వచ్చేసరికి అవ్వ కాళ్ల దగ్గర ముడుచుకుని, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని "అయిపోయింది, అయిపోయింది" అంటున్నాను. లెక్క చేసింది నేను. పక్కా అన్నది నేను. వాడంతా చూస్తుండగా ముందు పరుగెత్తింది నేను.

ఏమీ కాలేదు. గుట్ట దగ్గర బండలు పగలగొట్టేవాళ్లు తూటా పేల్చారు. లోకం ముగిసే ముందు కూడా పని మానని మనుషులు బాపు కాకుండా ఇంకా ఉన్నారన్నమాట.

తలెత్తి చూస్తే బాపు కదలలేదు. తన కుంచె తాను లాగుతున్నాడు. నా వైపు పోగులు మాత్రం అనాథగా ఎండలో ఆరిపోతున్నాయి, జంటలు జంటలుగా అంటుకుంటున్నాయి. అవి అంటుకోవడం చూస్తూ అక్కడే ఉండిపోయాను. అప్పుడు పెద్దబాపు అరుపు వినపడింది.

"ఓరి ఆరుతున్నదిరా! పోగులు అంటుకుంటున్నయ్ రా!" అంటూ ఆ ముసలాయన గడప దిగి పరుగున వచ్చి నేను పారేసిన కుంచె అందుకున్నాడు. "కూసున్నరేందిరా సూసుకుంట? సచ్చుడు తర్వాత, ముందుగాల పడుగు సూడుండ్రి!" సాలె మనిషి కళ్ల ముందు పడుగు పాడవుతుంటే ఊరికే కూర్చోలేడు. అది భక్తి కాదు, స్నేహం కూడా కాదు, చేతుల్లో ఉన్న గుణం. గడపలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. బాపును తిడుతూ, నన్ను తిడుతూ, దేవుణ్ణి తలచుకుంటూ పడుగు దువ్వారు. పడుగు బతికింది.

అమావాస్య వచ్చింది, పోయింది. ఆ రోజంతా నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. మర్నాడు సూర్యుడు ఎప్పటిలాగే లేచాడు. వాడలో అందరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుగా నవ్వుకున్నారు. కోళ్లు లేని దొడ్లు చూసుకుని కొందరు నెత్తి కొట్టుకున్నారు. పెద్దబాపు మాత్రం "హోమాలు చేయవట్టి ఆగింది, లేకుంటే సూద్దురు" అన్నాడు. నా లెక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే నా పరుగు సంగతీ ఎత్తేవాళ్లు, కాబట్టి నేనూ ఎత్తలేదు.

ఆ పొద్దునే బాపు కొత్త పడుగును మగ్గానికి అతుకుతున్నాడు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే కలిపి మెలివేస్తున్నాడు. ఎదురుగా కూర్చుని నేను పోగులు అందిస్తున్నాను.

"బాపు, నేను మంచిర్యాల పోత. మామకు కబురు చెయ్యి."

"గా పట్నం సారుకు ఏం చెప్తవ్?"

లెక్చరర్ అడిగిన సంగతి వచ్చిన రోజే ఇంట్లో చెప్పాను. "కాదని చెప్త. నా లెక్కను నేనే నమ్మలేకపోయిన బాపు. నువ్వు నమ్మినవ్. నువ్వు కదలలే. నేను ఉరికిన. గసువంటోనికి గా సదువెందుకు?" అన్నాను. అంటుండగానే ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

బాపు చేతులు ఆగాయి. "నేను నమ్మిన్నని నీకెవలు చెప్పిండ్రు?"

"మరి నువ్వు కదలలే గదా బాపు?"

"నాకు నీ లెక్క తెలుసా, పత్రం తెలుసా? నాకు పానం గజగజ వణికింది బిడ్డా. గా చప్పుడు రాంగనే నా కాళ్లల్ల సత్తువ లేదు. ఉరుకుదామంటే కాళ్లు రాలే, గందుకే ఆడనే నిలవడ్డ."

"మరి పడుగెందుకు తీసినవ్ బాపు?"

బాపు మళ్లీ పోగు అందుకున్నాడు. నా ముఖం చూడకుండా చెప్పాడు. "నువ్వు ఏంగాదని చెప్పినవ్. నేను పడుగు తియ్యకుంట కూసుంటె నువ్వేమనుకుందువు? ఇంట్ల బాపే నమ్మని లెక్కను పట్నంల ఎవడు నమ్ముతడనుకుందువు. మల్ల గా కాగితం ముట్టకపోదువు."

వంటింట్లోంచి అవ్వ "ఇద్దరికి ఇద్దరు పిరికోల్లే, నా నసీబు" అంది. ఆమె కళ్లు తుడుచుకుంటోందని గొంతులోనే తెలిసింది.

నేను మళ్లీ పోగులు అందించాను. ఒక్కటీ సరిగ్గా అందించలేదు, బాపే సరిచేసుకున్నాడు. ఉన్న ఒకే ఒక్క పడుగును ఈ మనిషి తను నమ్మని లెక్క మీద, భయంతో చస్తూ, నా కోసం ఎండలో పెట్టాడు. నిలబడడం అంటే భయం లేకపోవడం అనుకున్నాను ఇన్నాళ్లూ. కాళ్లు కదలక నిలబడ్డా అది నిలబడడమేనని ఎవరూ చెప్పలేదు.

"బాపు, సారు చెప్పిన సదువుకే పోత" అన్నాను చివరికి.

"బుగులైతలేదా?"

"అయితుంది."

"అయితె కానీ. పో" అన్నాడు. తర్వాత, ఒక పోగు ముడి బిగిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. "కని ఒక్కటి యాదికి పెట్టుకో బిడ్డా. ఇగ ఏదన్న లెక్కజేస్తే మంచిగ సూస్కొనే నాకు చెప్పు. నువ్వు ఏది చెప్పినా నేను నమ్మాలె గదా."

ఎనిమిది గ్రహాలకు కూడా నేనంతగా భయపడలేదు.